సంక్రాంతికి ఫోన్ ఎవరు చేస్తారు?

పండగ బాగా జరిగిందా? అరిసెల డబ్బా ఖాళీ అయిపోయిందా, ఇంకా ఉందా? మా ఇంట్లో అయితే ఇంకా ఉంది. ఎందుకు మిగిలిపోయాయో చివర్లో చెప్తా. అదొక పరువు తక్కువ కథ.

ఈ రోజు జాబ్స్, జీతాలు, కెరీర్ ఏమీ మాట్లాడట్లేదు. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో సంక్రాంతి ఎవరు చేస్తారు?

"అందరం కలిసి చేసుకుంటాం" అని మాత్రం అనకండి. అలా కాదు. ఒక్క మనిషి పేరు చెప్పండి. ఏ మనిషి లేకపోతే ఆ పండగ జరగదో, ఆ పేరు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఫోన్ అలాగే చేతిలో ఉంచుకోండి, తర్వాత పనుంది దాంతో.

మా ఇంట్లో ఆ పేరు అమ్మమ్మ. ఈ సంగతి నాకు అమ్మమ్మ పోయాక గానీ అర్థం కాలేదు. అదే ఈ రోజు కథ.

నేను పుట్టి పెరిగింది విజయవాడలో. బెజవాడ పిల్లలకి రెండు పండగలు పెద్దవి. దసరా అంటే ఊరంతా మన ఊరికి వస్తుంది. ఇంద్రకీలాద్రి కింద క్యూలు, రోడ్ల మీద భవానీలు, బంధువులంతా మన ఇంట్లోనే దిగుతారు. సంక్రాంతికి రివర్స్. సిటీ ఖాళీ, మనమే ఊరెళ్ళాలి. మాకు ఊరంటే అవనిగడ్డ దగ్గర, దివిసీమలో, అమ్మమ్మ వాళ్ళ ఊరు. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుని, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. ఈ పేర్లు నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు. చల్లపల్లి దాటాక అమ్మ మొహం మారిపోయేది. విజయవాడలో ఎక్కిన అమ్మ వేరు, ఊళ్ళో దిగిన అమ్మ వేరు. దిగేటప్పటికి అమ్మ కూడా ఎవరికో కూతురు అన్నమాట.

అక్కడ నాకు తెలిసిన పండగ ఏంటంటే, అన్నీ ఉంటాయి. అంతే. భోగి రోజు తెల్లారుజామున లేచేసరికి మంట ఉంటుంది. సాయంత్రం పీట మీద కూర్చుంటే నెత్తి మీద రేగుపళ్ళు, చిల్లర, బంతిపూల రెక్కలు పడతాయి. సంక్రాంతి రోజు ముగ్గులో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పూలు. కనుమకి గారెలు, నాటుకోడి. డబ్బాలో అరిసెలు. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఏమో. పొద్దున సూర్యుడు వచ్చినట్టు వచ్చేవి.

ఇప్పుడు అరిసెల సంగతి చూడండి. కొత్త బియ్యం ఒక రోజు ముందే నానబెట్టాలి, మధ్యలో నీళ్ళు మారుస్తూ ఉండాలి. వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టాలి, పూర్తిగా ఆరకూడదు. తడి మీదే పిండి కొట్టి జల్లించాలి. బెల్లం పాకం పట్టాలి. పాకం చుక్క నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. ఒక్క నిమిషం ముందు దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే రాయి అవుతుంది. పిండి పోసి కలిపితే చలిమిడి. నువ్వులు అద్ది, నెయ్యి రాసి వత్తి, నూనెలో వేసి, తీసి, చెక్కలతో నొక్కి నూనె పిండాలి. ఇది ఒక్క అరిసె. మా ఇంట్లో ఇరవై మంది. పండగైన తర్వాత ఎవరి డబ్బా వాళ్ళకి వేరే. అంటే ఎన్ని రోజుల పనో మీరే లెక్క వేసుకోండి.

ఆ టైమ్‌లో మగాళ్ళు ఎక్కడుండేవాళ్ళు? కోడిపందేల బరి దగ్గర. అవి చట్టప్రకారం నేరమని అందరికీ తెలుసు, అయినా అక్కడే. పిల్లలం గడ్డివాము మీద. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర. నా చిన్నప్పటి "మ్యాజిక్ సంక్రాంతి" అంటే అది. ఆ మ్యాజిక్ వెనక అమ్మమ్మ నడుం నొప్పి ఉంది, అది నాకు అప్పుడు కనపడలేదు.

సరే, కట్ చేస్తే బీటెక్ అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి సంక్రాంతి అంటే ట్రావెల్ ప్రాజెక్ట్ అయిపోయింది. రైలు రిజర్వేషన్ అప్పట్లో 120 రోజుల ముందు ఓపెన్ అయ్యేది, అంటే వినాయకచవితి టైమ్‌కే సంక్రాంతి టికెట్ కోసం కూర్చునేవాళ్ళం. 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఓపెన్ అయిన నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్ రావడం మాత్రం మారలేదు. కారులో వెళ్దామంటే విజయవాడ హైవే. దాదాపు 270 కిలోమీటర్లు, మామూలుగా అయిదు గంటలు. భోగి ముందు రోజు అయితే పంతంగి టోల్‌గేట్ దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. తర్వాత కొర్లపహాడ్, తర్వాత చిల్లకల్లు. ఫాస్టాగ్ ఉన్నా సరే, అన్ని కార్లు ఒకేసారి ఇంటికి బయల్దేరితే ఏ గేటు ఏం చేస్తుంది?

అలా చేరి ఏం చేసేవాణ్ణి? నులక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రొడక్షన్ సపోర్ట్. అమెరికాలో క్లయింట్‌కి సంక్రాంతి లేదు కదా. ఒక కనుమ రోజు మధ్యాహ్నం బ్యాగ్ సర్దుతుంటే అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది. "కనుమ నాడు కాకి కూడా కదలదు అంటార్రా" అంది. "కాకికి మేనేజర్ లేడు అమ్మమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వి, లోపలికెళ్ళి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు మంచి జోక్ వేశానని అనుకున్నాను. ఇప్పుడు గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

గమనించారా, అప్పటికే నా పండగ మారిపోయింది. నేను ఆ ఇంట్లో పిల్లాణ్ణి కాదు, పెద్దవాణ్ణీ కాదు. గెస్ట్‌ని. వస్తాను, తింటాను, డబ్బా తీసుకుని వెళ్ళిపోతాను. ఇరవై అయిదేళ్ళు వచ్చినా, జీతం వచ్చినా, పండగ విషయంలో ప్రమోషన్ రాలేదు. నేను అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

రెండేళ్ళు దాటింది. దసరా అయిన కొన్ని రోజులకి అమ్మమ్మ పోయింది.

మీకు తెలుసు, ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఆ ఏడాది పండగలు ఉండవు. ఆ సంక్రాంతికి మా ఇంట్లో పిండివంట లేదు. పక్కింటి వాళ్ళు తెచ్చి ఇస్తే తిన్నాం. అది అందరికీ అర్థమయ్యే విషయమే. దుఃఖానికి ఒక గడువు పెట్టారు పెద్దవాళ్ళు: ఒక సంవత్సరం. సంవత్సరీకం జరిగింది, అందరం కలిశాం, భోజనాలు చేశాం, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయాం.

తర్వాత మళ్ళీ సంక్రాంతి వచ్చింది. గడువు అయిపోయింది కదా, ఇప్పుడు చేసుకోవచ్చు. డిసెంబర్ అయింది. ఫోన్ రాలేదు. భోగి వచ్చింది. రాలేదు. అమ్మ, నాన్న, నేను, విజయవాడ ఫ్లాట్‌లో టీవీలో సంక్రాంతి స్పెషల్ ప్రోగ్రామ్ చూశాం. అరిసెలు షాపులో కొన్నాం. బాగానే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. అదే భయం వేసింది నాకు. ఎవరూ ఏమీ అనలేదు.

నా పాత ఉద్యోగంలో ఇలాంటిది చూశాను. సర్వర్ ఒకటి మెయింటెనెన్స్ కోసం ఆపుతారు. పని అయిపోతుంది. మళ్ళీ ఆన్ చెయ్యాల్సింది ఎవరో ఎక్కడా రాసుండదు. ప్రతి ఒక్కరూ ఇంకొకరు చేస్తారనుకుంటారు. పొద్దున్నకి కస్టమర్ ఫోన్ చేస్తాడు. మా పండగకి అదే జరిగింది. సంవత్సరం పాటు ఆపమన్నారు, ఆపాం. మళ్ళీ మొదలుపెట్టాల్సిన మనిషి ఎవరో తెలీదు, ఎందుకంటే అంతకుముందు అన్నిసార్లూ మొదలుపెట్టిన మనిషి పోయింది. కనీసం సర్వర్‌కి కస్టమర్ ఉన్నాడు. పండగ ఆగిపోతే కంప్లైంట్ ఎవరు ఇస్తారు?

ఈసారి కార్తీక మాసంలో ఒక రాత్రి అమ్మని అడిగేశాను. "అమ్మా, ఊరెందుకు వెళ్ళట్లేదు మనం?"

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా చెప్పింది. "అమ్మ పోయాక అది తమ్ముడి ఇల్లు కదరా. వాడు పిలవాలి, నేను వెళ్ళాలి. నా అంతట నేను తాళంచెవి అడిగితే ఏమనుకుంటారు? ఇంట్లో వాటా కోసం వచ్చింది అనుకోరూ?"

మర్నాడు మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన గుడివాడలో ఉంటారు. అటు నుంచి ఇంకో కథ. "అక్కకి ఆ ఇల్లు చూస్తే ఏడుపొస్తుందని నేనే పిలవలేదురా. అయినా మీ అత్తకి మోకాళ్ళ నొప్పులు. ఇరవై మందికి ఎవరు వండుతారు? అమ్మ ఉన్నప్పటిలాగా చెయ్యలేనప్పుడు పిలిచి ఏం లాభం?"

చూశారా? ఒకరు పిలుపు కోసం చూస్తున్నారు, ఇంకొకరు బాధపెట్టకూడదని పిలవట్లేదు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమే. ఆ ప్రేమతోనే పండగ ఆగిపోయింది. ఇంకో విషయం కూడా ఉంది. అమ్మమ్మ తర్వాత ఆ ప్లేస్‌లోకి ఆటోమేటిక్‌గా అత్త వస్తుందని మేమంతా లోపల్లోపల అనుకున్నాం. అత్తని మాత్రం ఎవరూ అడగలేదు. కోడలు కాబట్టి ఇరవై మందికి వండటం ఆమెకి వారసత్వంగా వచ్చేసింది అన్నట్టు. ఆమె "నా వల్ల కాదు" అనలేక ఊరుకుంది. తప్పు ఎవరిది చెప్పండి?

మావయ్య అన్న ఒక్క మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. "అమ్మ ఉన్నప్పటిలాగా." అసలు అలాంటి ఒక ఫిక్స్‌డ్ సంక్రాంతి ఎప్పుడైనా ఉందా?

మా డెల్టానే తీసుకోండి. బ్యారేజీ నుంచి కాలవకి నీళ్ళు వదిలాక నాట్లు, నవంబర్, డిసెంబర్‌లలో కోతలు, కుప్పలు, నూర్పులు, సంక్రాంతికి కొత్త బియ్యం ఇంట్లో. పండగ అసలు అర్థం అదే. నా చిన్నప్పుడు గడ్డివాము ఉండేది. ఇప్పుడు వరికోత మిషన్ వచ్చి ఒక్క పూటలో కోసి, నూర్చి, ధాన్యం ట్రాక్టర్‌లో పోసేస్తుంది. మా ఇంటి దగ్గర ఇప్పుడు వాము లేదు, జారి ఆడుకోవడానికి పిల్లలూ లేరు. కనుమ పశువుల పండగ. మావాళ్ళ చివరి గేదె అమ్మేసి చాలా ఏళ్ళయింది. అంటే అమ్మమ్మ ఉన్నప్పుడే కనుమలో పశువు పోయింది, గారెలు మిగిలాయి. కనుమ నాడు మినుము తినాలి అంటారు కదా, దాన్ని పట్టుకుని గారెల పండగ చేసేశాం. ఎవరూ ఫీలవ్వలేదు.

ఇంకో తమాషా చెప్తా. సంక్రాంతి తారీఖే కదులుతూ ఉంటుంది. వివేకానందుడు పుట్టింది సంక్రాంతి రోజున, 1863లో. అది ఏ తారీఖో తెలుసా? జనవరి 12. ఇప్పుడు మనకి 14, 15 వస్తోంది. మన పంచాంగం నక్షత్రాలని బట్టి ఏడాదిని లెక్కేస్తుంది, ఇంగ్లీష్ క్యాలెండర్ రుతువులని బట్టి. రెండింటికీ తేడా సుమారు 20 నిమిషాలు. దాదాపు 70 ఏళ్ళకి ఒక రోజు జరుగుతుంది, దానికి లీపు సంవత్సరాల లెక్క కలుస్తుంది. సూర్యుడే డేట్ మారుస్తుంటే, మనం "ఇంతకుముందులాగే ఉండాలి" అని పట్టుబడితే ఎలా?

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ భోగి రోజు ఆఫీస్. అందుకని వాళ్ళు జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే సెలవు చూసుకుని, ఆ లాంగ్ వీకెండ్‌లో పిల్లలకి భోగిపళ్ళు పోస్తారు. రేగుపళ్ళు దొరక్కపోతే బ్లూబెర్రీలు. మొదటిసారి విన్నప్పుడు మేం వెక్కిరించాం. ఇప్పుడు ఆలోచిస్తే, మేం ముగ్గురం విజయవాడలో, ఊరికి 70 కిలోమీటర్ల లోపు దూరంలో, టీవీ ముందు కూర్చున్నాం. అది అంత దూరంలో ఉండి పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టింది. ఎవరు పండగ చేసుకున్నట్టు?

సరే. మావయ్యకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి అడగడానికి కాదు, చెప్పడానికి. "మావయ్యా, ఒక్క రోజే. సంక్రాంతి రోజు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోదాం. మూడు రోజులు వద్దు. అత్త పొయ్యి దగ్గరికి రాకూడదు. ఎవరి వంట వాళ్ళు తెస్తారు. అమ్మని పిలవాల్సింది మాత్రం నువ్వే." ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మీ అమ్మకి ఇవ్వు" అన్నారు. నేను ఫోన్ ఇచ్చి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలీదు. లోపలికి వచ్చేసరికి అమ్మ స్టూల్ ఎక్కి అటక మీద అరిసెల చెక్కలు వెతుకుతోంది.

వాట్సాప్ గ్రూప్‌లో లిస్ట్ పెట్టాం. పులిహోర బాబాయ్. కోడికూర వద్దు, ఆ రోజు పెద్దలకి పెట్టుకోవాలి. గారెలు అమ్మ, నాన్న. పరమాన్నం మావయ్య. అరిసెలు నేను. అవును, నేనే రాసుకున్నాను. యూట్యూబ్‌లో వీడియోలు తీసేవాడికి యూట్యూబ్ చూసి వంట చెయ్యడం ఎంతసేపు అనుకున్నాను.

అందరూ రాలేదు, నిజం చెప్పాలి. అక్కకి పెళ్ళయింది, తెనాలిలో అత్తగారింట్లో పండగ. తను కనుమకి విజయవాడ వచ్చింది. ఒక పెద్దమ్మ వాళ్ళు "ఎందుకురా ఇప్పుడు" అని ఊరుకున్నారు. ఇరవై మంది అనుకున్న చోట పదకొండు మంది తేలాం.

ఆ రోజు తెల్లారుజామున కరకట్ట మీద నుంచి వెళ్ళాం. మంచు. పక్కన కృష్ణ ఉందో లేదో కూడా కనపడట్లేదు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్ళోకి వెళ్ళేసరికి మావయ్య అప్పటికే వచ్చి, చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి వాకిలి ఊడుస్తున్నారు. నా జీవితంలో ఆయన చేతిలో చీపురు చూడటం అదే మొదటిసారి. అత్త అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. "నేను లేవను, ముందే మాట తీసుకున్నాను" అంది నన్ను చూసి.

ముగ్గు ఎవరు వేస్తారు? అమ్మ వేసింది. వంకరగా వచ్చింది, రెండేళ్ళుగా చేతికి అలవాటు తప్పింది. గొబ్బెమ్మలకి పేడ పక్కింటి నుంచి అడిగి తెచ్చాం.

తర్వాత పెద్దలకి పెట్టుకోవడం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: సంక్రాంతిని పెద్ద పండగ, పెద్దల పండగ అంటారు. పోయినవాళ్ళ ఫొటో ముందు కొత్త బట్టలు, చేసిన వంట పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ఇన్నేళ్ళూ తాతయ్య ఫొటో ముందు పంచె పెట్టింది అమ్మమ్మ. ఇప్పుడు ఆ పక్కన అమ్మమ్మ ఫొటో ఉంది.

మావయ్య సంచిలోంచి చీర తీశారు. అదే టైమ్‌కి అమ్మ కూడా సంచిలోంచి చీర తీసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నేను పోయినేడు కూడా పెట్టానక్కా, గుడివాడలో" అన్నారు మావయ్య మెల్లిగా.

"నేనూ పెట్టాను, వంటింట్లో, ఎవరికీ చెప్పకుండా" అంది అమ్మ.

ఎవరూ మాట్లాడలేదు. నాకు అప్పుడు అర్థమైంది, పోయిన సంవత్సరం పండగ ఆగిపోలేదని. రెండు ఇళ్ళల్లో, ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మనిషికి పండగ చేశారు. కలిసి చెయ్యలేదు, అంతే. అప్పుడు అత్త అందుకుంది. "బతికున్నన్నాళ్ళూ అత్తయ్యకి పండక్కి ఒక్క చీరే కొన్నారు, పోయాక రెండేసి పెడుతున్నారు." ఇక చూడాలి, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియని పరిస్థితి. ఆ తర్వాత మావయ్య పెట్టిన చీర అమ్మ తీసుకుంది, అమ్మ పెట్టినది అత్తకి ఇచ్చింది.

భోజనాలయ్యాక అమ్మ కుంకుమ భరిణె తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను. పశువుల పాక ఎప్పుడో పడిపోయింది, ఒక్క గుంజ మాత్రం నిలబడి ఉంది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. "ఇదేంటమ్మా?" అన్నాను.

అప్పుడు చెప్పింది. 1977 నవంబర్ 19. మీలో కృష్ణా జిల్లా వాళ్ళకి ఈ తారీఖు తెలిసే ఉంటుంది. దివిసీమ ఉప్పెన. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. 10,000 మంది దాకా పోయారంటారు, అంతకంటే ఎక్కువే అనేవాళ్ళూ ఉన్నారు. పశువులకి లెక్కే లేదు. పొలాల్లో ఉప్పు నీళ్ళు. అమ్మకి అప్పుడు అయిదేళ్ళు, మావయ్యకి రెండేళ్ళు. ఊళ్ళో ఒక డాబా మీదికి ఎక్కి బతికారు. ఇల్లు పోయింది, గొడ్లు అన్నీ పోయాయి. రెండు నెలలకి సంక్రాంతి వచ్చింది. ఎవరింట్లో పండగ ఉంటుంది చెప్పండి? కోతకొచ్చిన పంటే లేదు. కనుమ రోజు అమ్మమ్మ ఖాళీ పాక కడిగి, కట్టడానికి పశువు లేని గుంజకి పసుపు రాసి బొట్టు పెట్టిందట. తాతయ్య కోప్పడితే, "వచ్చే ఏడు ఇక్కడ ఏదో ఒకటి కట్టాలిగా, చోటు గుర్తుండాలి" అందట. అయిదేళ్ళ పిల్ల చూసిన సీన్ అది. ఇన్నేళ్ళు అమ్మ లోపల ఉండిపోయింది.

"కనుమ రేపు కదమ్మా?" అన్నాను. "రేపు మనం ఉండం కదరా, అందుకే ఇవాళే పెట్టేశాను" అంది. అంత సింపుల్.

నేను ఇన్నాళ్ళూ అనుకున్నది ఏంటంటే, పెద్దయ్యాక పండగలు చిన్నవైపోతాయి, మన చిన్నప్పటి పండగ పోయింది, ఇక రాదు అని. రీల్స్‌లో చూస్తుంటాం కదా, "ఆ రోజులే వేరు" అని. నిజమే, వేరు. ఎందుకంటే ఆ రోజుల్లో మన వంతు పని ఇంకొకరు చేశారు. చిన్నప్పుడు పండగ మన దగ్గరికి వస్తుంది. పెద్దయ్యాక మనం పండగని తీసుకురావాలి. పోయింది పండగ కాదు, తెచ్చే మనిషి. ఆ ఖాళీలో నిలబడి ఎవరూ రాలేదేంటి అని చూస్తున్నాం.

పెద్దవాళ్ళలాగే చెయ్యాలని రూల్ లేదు. మూడు రోజులు చెయ్యలేకపోతే ఒక్క రోజు. ఇరవై మంది రాకపోతే పదకొండు. పశువు లేకపోతే గుంజకి బొట్టు. ఒక్కరి నడుం మీద మాత్రం పెట్టకండి. అమ్మమ్మ చేసినంత మేమెవ్వరం చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. పనిని పంచుకుంటే పండగ చిన్నదవుతుందేమో గానీ, ఒక మనిషితో పాటు పోదు.

ఇది హ్యాపీ ఎండింగ్ అని చెప్పను. సాయంత్రం తాళం వేసేటప్పుడు మావయ్య అన్నారు, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానని. రిపేర్లకి డబ్బు లేదు, చూసుకునేవాళ్ళు లేరు. అమ్మ ఏమీ అనలేదు. వచ్చే సంక్రాంతికి ఆ గుంజ ఉంటుందో లేదో తెలీదు. కానీ ఈసారి ఎవరూ మౌనంగా ఇంటికి వెళ్ళిపోలేదు. కారు ఎక్కే ముందే అమ్మ అంది, "ఇల్లు ఉంటే ఇక్కడ, లేకపోతే గుడివాడలో. పిలుస్తావా?" "పిలవకపోతే నువ్వే వచ్చెయ్యి అక్కా" అన్నారు మావయ్య.

ఇప్పుడు అరిసెల కథ. పాకం దగ్గర నిలబడి వీడియో తీసుకుంటున్నాను, ఆ ఒక్క నిమిషం దాటిపోయింది. అమ్మమ్మ అయితే గరిట ఎత్తి చూసి చెప్పేది. ఫలితం: విరగ్గొట్టడానికి అప్పడాల కర్ర కావాలి. బాబాయ్ ఒకటి కొరికి, "దీన్ని పునాదిలో వెయ్యరా" అన్నారు. అయినా అందరూ డబ్బాలో తీసుకెళ్ళారు. డాలస్ నుంచి వీడియో కాల్‌లో పిన్ని కూతురు కూడా ఒకటి కొరియర్ చెయ్యమంది, సాక్ష్యం కోసం. అత్త మాత్రం ఒక మాట అంది: "వచ్చే ఏడు పాకం నేను చూస్తా, కుర్చీలోంచే. కలపడం నువ్వే." దాన్ని నేను ప్రమోషన్ కింద రాసుకున్నాను.

మొదట్లో ఒక పేరు ఆలోచించమన్నాను గుర్తుందా? ఆ పేరుగల మనిషి ఉంటే, ఈ రోజే ఫోన్ చెయ్యండి. "పండగ బాగా అయింది" అని కాదు. "వచ్చేసారి నేనేం చెయ్యాలి, ఇప్పట్నుంచే నేర్పు" అని అడగండి. పాకం ఎప్పుడు దించాలో, ముగ్గుకి చుక్కలెన్నో, ఎవరిని ముందు పిలవాలో. ఆ లెక్కలన్నీ వాళ్ళ తలలోనే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే, మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పిలుపు కోసం చూస్తూ ఉంటారు, ఇంకొకరు పిలవడానికి మొహమాటపడుతూ ఉంటారు. మధ్యలో ఫోన్ ఉన్నది మీ చేతిలోనే.

నేను వచ్చే డిసెంబర్ 1కి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. పేరు ఏం పెట్టానో తెలుసా? "గుంజకి బొట్టు."

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ జీతాలు, జాబ్స్ మాట్లాడుకుందాం. నమస్తే.